లక్షా ఇరవై వేలల్లో చెక్క పనికి ఏ సీఎన్‌సీ రౌటర్? ఆమదాలవలస మాస్టారికి జవాబు

మాస్టారూ, కంప్యూటర్ చెప్పిన దారిలో కోసే బిట్టుని నడిపి కర్రని చెక్కే మెషిన్, అంటే సీఎన్‌సీ రౌటర్, గురించి మీరు అడిగింది ఇదీ. ఇల్లు ఆమదాలవలసలో, పెరట్లో పదడుగుల రేకుల షెడ్డు ఉంది. ఉలి, చిత్రిక బాగానే పడతారు. సెలవుల్లో టేకు మీద నేమ్ ప్లేట్లు, పూజ మందిరం తలుపులు, పెళ్లిళ్లకి ఇచ్చే చిన్న చిన్న జ్ఞాపికలు చెయ్యాలని ఉంది. చేతిలో లక్షా ఇరవై వేలు. ఇరవై వేల రూపాయల 3018 అనే బుల్లి మెషిన్‌తో మొదలుపెట్టాలా, కర్రని బిగించే బెడ్డు 600 × 900 మి.మీ. ఉండే 6090 కొనాలా, లేకపోతే విడిభాగాలు తెచ్చి సొంతంగా బిగించుకోవాలా?

ముందే తేల్చి చెప్పేస్తాను. టేకు పని కోసమైతే 3018 కొనకండి. 600 × 600 లేదా 600 × 900 మి.మీ. పని జాగా ఉండి, లీనియర్ రైళ్లు (కదిలే భాగాలు జారే ఉక్కు పట్టాలు), బాల్ స్క్రూలు (ఆ భాగాల్ని నడిపే, నట్టులో ఉక్కు బాల్స్ దొర్లే మరలు), నీమా 23 మోటార్లు (స్టెప్పుల లెక్కన తిరిగే మోటార్లలో ఒక సైజు) ఉన్న మెషిన్ తీసుకోండి. దాని ధర ఎనభై వేలు దాటుతుంటే సైజు తగ్గించండి గానీ రైళ్లు మాత్రం వదులుకోకండి. మిగతా నలభై వేలు మెషిన్‌కి బయటే అయిపోతాయి, ఎలాగో తర్వాత చెబుతాను.

3018 అంటే 300 × 180 మి.మీ. బెడ్డు, బుల్లి నీమా 17 మోటార్లు, బిట్టుని తిప్పే స్పిండిల్ పేరుతో ఒక 775 డీసీ మోటారు. సర్క్యూట్ బోర్డులకి, యాక్రిలిక్ మీద అక్షరాలకి, మెత్తటి చెక్క మీద తాళంచెవుల బిళ్లలకి బాగానే పనికొస్తుంది. మెషిన్‌కి ఆదేశాలిచ్చే జీ కోడ్ నేర్చుకోవడానికీ మంచిదే. కానీ టేకు చేవ మీద పెడితే ఒక్కో పొర అర మిల్లీమీటరుకి మించి తియ్యదు, ఇంకాస్త ఎక్కువ ఇస్తే మోటారు మూలుగుతుంది లేదా స్టెప్పులు తప్పి అక్షరం పక్కకి పోతుంది. పైగా మీ మందిరం తలుపు ఒక్కోటి అడుగున్నర వెడల్పు, దాదాపు రెండడుగుల ఎత్తు అన్నారు. అది ఆ బెడ్డు మీద పట్టనే పట్టదు. ఇరవై వేలు పెట్టి నేర్చుకుని, ఆరు నెలలకి అసలు మెషిన్ కొనడం కన్నా ఆ ఇరవై వేలు ఇప్పుడే గట్టి ఫ్రేముకి కలపండి.

గట్టి ఫ్రేము అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, అమ్మేవాళ్లు ప్రకటనలో రాసేది బెడ్డు సైజు, స్పిండిల్ వాట్లు. టేకు మీద పని బాగుంటుందా లేదా అన్నది తేల్చేది ఆ రెండూ కాదు, బిట్టు కర్రని నొక్కినప్పుడు మెషిన్ ఎంత వంగుతుందన్నది. రెండు చివర్లా మాత్రమే పట్టు ఉన్న గుండ్రటి రాడ్డు మీద గాంట్రీ, అంటే స్పిండిల్‌ని మోసే అడ్డదూలం, నడుస్తోందనుకోండి. రాడ్డు పొడవు రెండింతలైతే వంగుడు ఎనిమిదింతలు అవుతుంది. అందుకే 300 మి.మీ. దగ్గర సుబ్బరంగా పనిచేసిన డిజైన్‌నే సాగదీసి 600, 900 చేసి అమ్మే మెషిన్లు చెక్క మీద వణుకుతాయి. రాడ్డు లావు పెంచితే లాభం కూడా అలాగే ఉంటుంది: 12 మి.మీ. బదులు 16 వేస్తే బిగువు మూడింతలు పెరుగుతుంది. రాడ్డు కింద పొడవునా అల్యూమినియం దిమ్మ ఉండే ఎస్‌బీఆర్ రకం ఇంకాస్త నయం. అన్నిటికన్నా మేలు హెచ్‌జీఆర్ 15 లాంటి చదరపు రైళ్లు. అల్యూమినియం పట్టీల గాడిలో ప్లాస్టిక్ చక్రాలు దొర్లే రకం కూడా ఉంది. నిజానికి అమెరికాలో చాలామంది హాబీ వాళ్లు వాటితోనే మొదలుపెట్టారు. మెత్తటి పైన్ చెక్కకి సరిపోతుంది. మనం చెక్కేది పైన్ కాదు కదా.

స్క్రూల సంగతికొస్తే, చవక మెషిన్లలో ఉండేది టీ8 లీడ్ స్క్రూ, దానికో ఇత్తడి నట్టు. నట్టు అరిగేకొద్దీ మెషిన్ వెనక్కి తిరిగినప్పుడల్లా కొంచెం ఖాళీ తిరుగుతుంది, గుండ్రంగా రావాల్సిన సున్నా కోలగా వస్తుంది. తెలుగులో సున్నాలు, తలకట్లు, సుడులు ఎన్నో మీకు చెప్పక్కర్లేదు. ఎస్‌ఎఫ్‌యూ 1605 బాల్ స్క్రూ తీసుకోండి: 16 మి.మీ. లావు, చుట్టుకి 5 మి.మీ. నడక. మోటారుకి చుట్టుకి 200 స్టెప్పులు, దాన్ని నడిపే డ్రైవర్ బోర్డులో స్టెప్పుకి ఎనిమిది మైక్రోస్టెప్పులు పెడితే మిల్లీమీటరుకి 320 స్టెప్పులు వస్తాయి. సెట్టింగుల్లో వేయాల్సిన అంకె అదే, రాసి పెట్టుకోండి.

జెడ్ (స్పిండిల్ పైకీ కిందికీ నడిచే దారి) దగ్గర జనం ఎక్కువగా మోసపోతారు. ‘జెడ్ 100 మి.మీ.’ అని ఉంటుంది. అది స్పిండిల్ ఎంత కదులుతుందో చెప్పే అంకె. మీరు అడగాల్సింది, స్పిండిల్ పూర్తిగా పైకెత్తినప్పుడు బిట్టుని పట్టుకునే కోలెట్ మూతి నుంచి బెడ్డు దాకా ఎంత ఖాళీ అని. బెడ్డు మీద 18 మి.మీ. ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో నొక్కి చేసిన) పలక వేస్తారు, అది ఎలాగూ తప్పదు. దాని మీద అంగుళంన్నర కర్ర, అంటే 38. బిట్టు కోలెట్ బయటికి 35. అన్నీ కలిపితే 91. ఖాళీ 90 మాత్రమే ఉంటే బిట్టు కర్ర మీదికి ఎక్కలేదు, పక్క నుంచి గుద్దుకుంటుంది. 110కి తగ్గకుండా చూసుకోండి. అలాగని 200 ఉన్నది తీసుకుంటే జెడ్ పొడవై ఊగుతుంది.

స్పిండిల్‌కి రెండు దారులు. ఒకటి, వడ్రంగులు అంచులు తీసే చేతి ట్రిమ్మర్‌నే బిగించడం. బోష్, మకీటా ట్రిమ్మర్లు శ్రీకాకుళంలోనే హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి, పాడైతే బాగుచేసేవాళ్లూ ఉన్నారు. కానీ ఒకే వేగంతో ముప్పై వేల చుట్లు తిరిగేది వద్దు, టేకుని మాడ్చేస్తుంది. వేగం తగ్గించుకునే చక్రం ఉన్నదే కొనండి. కార్బన్ బ్రష్‌లు అరుగుతాయి, ఒక జత దగ్గర ఉంచుకోండి. గోల మాత్రం భరించలేనిది. పక్కింటివాళ్లతో మీకు మాటలు ఉండాలంటే రాత్రిపూట వాడకూడదు.

రెండోది వీఎఫ్‌డీతో, అంటే కరెంటు ఫ్రీక్వెన్సీ మార్చి మోటారు వేగం మార్చే పరికరంతో, నడిచే మూడు ఫేజుల స్పిండిల్. మీ పనికి 800 వాట్లు చాలు, 1.5 కిలోవాట్లు ఉంటే సుఖం. 400 హెర్ట్జ్ దగ్గర 24,000 చుట్లు తిరుగుతుంది, గోల తక్కువ. వేగం సగం చేస్తే పవరు కూడా దాదాపు సగమే ఉంటుందని గుర్తుంచుకోండి. మొదటిసారి స్విచ్ వేసే ముందు వీఎఫ్‌డీలో బేస్ ఫ్రీక్వెన్సీ 400 పెట్టారో లేదో చూడాలి. డబ్బాలోంచి తీసినప్పుడు అది మామూలు మోటార్ల కోసం 50 మీద ఉంటుంది. అలాగే నడిపితే స్పిండిల్ వైండింగ్ కాలిపోతుంది, దానికి గ్యారంటీ ఎవరూ ఇవ్వరు. 2.2 కిలోవాట్ల స్పిండిల్ మాత్రం మీ షెడ్డుకి వద్దు. సింగిల్ ఫేజు మీద అది ఇరవై ఆంపియర్లు దాటి లాగగలదు, మన ఇళ్లలో పెద్ద సాకెట్టే పదహారు. దానికి మెయిన్ నుంచి వేరే లైను లాగాలి.

లైను ఎలా ఉన్నా ఎర్తింగ్ మాత్రం సరిగ్గా చేయించండి. మన పాత ఇళ్లలో మూడో కన్నం ఉంటుంది గానీ దాని వెనక తీగ ఉండదు. వీఎఫ్‌డీ పుట్టించే విద్యుత్ గోల వల్ల యూఎస్‌బీ తెగిపోవడం, అంచుకి చేరితే మెషిన్‌ని ఆపే లిమిట్ స్విచ్‌లు ఉత్తినే మోగడం, పని మధ్యలో మెషిన్ ఆగిపోవడం చూస్తుంటాం. అందరూ కంట్రోలర్ బోర్డుని తిడతారు. ఎర్త్ గొయ్యి తీయించి, స్పిండిల్‌కి షీల్డ్ ఉన్న కేబుల్ వేసి, దాన్ని మోటారు తీగలకి దూరంగా నడిపిస్తే చాలావరకు ఆ రోగం పోతుంది. ఎలక్ట్రీషియన్‌కి అయ్యే ఖర్చు కూడా మెషిన్ ఖర్చులోనే వేసుకోవాలి.

జీ కోడ్ చదివి మోటార్లని నడిపించే కంట్రోలర్ జీఆర్‌బీఎల్ అయితే చాలు. ఉచిత సాఫ్ట్‌వేర్, ఆర్డునో బోర్డు మీద పుట్టింది, లోకమంతా వాడుతోంది కాబట్టి ఏ చిక్కు వచ్చినా అడిగేందుకు మనుషులున్నారు. డ్రైవర్లు బయట విడిగా ఉండాలి, డీఎం 542 లాంటివి. మోటార్లకి సప్లై 36 వోల్టులు ఉంటే మంచిది. కార్వింగ్ షాపుల్లో చేతిలో పట్టుకునే డీఎస్‌పీ రిమోట్, అంటే కంప్యూటర్ లేకుండానే మెషిన్‌ని నడిపేది, చూసే ఉంటారు. దాని గొప్ప ఏమిటంటే కరెంటు పోయినా ఎక్కడ ఆగిందో గుర్తుంచుకుంటుంది. మన దగ్గర గాలీవానా వస్తే ముందు పోయేది కరెంటే కాబట్టి అది చిన్న విషయం కాదు. జీఆర్‌బీఎల్‌లో కూడా దారి ఉంది: మెషిన్ తన మూల ఎక్కడుందో కనుక్కునే హోమింగ్ స్విచ్‌లు తప్పనిసరిగా పెట్టించుకోండి, కర్ర మీద జీరోని (కొలతలు మొదలయ్యే బిందువుని) జీ 54 అనే ఖాతాలో సేవ్ చెయ్యండి. అది బోర్డు జ్ఞాపకంలోనే ఉంటుంది, కరెంటు పోయినా చెరగదు. తిరిగి వచ్చాక హోమ్ చేసి, జీసెండర్ లాంటి ప్రోగ్రాములో ఆగిన లైనుకి కాస్త ముందు నుంచి మొదలుపెట్టవచ్చు. జీ 92తో పెట్టిన జీరో అయితే కరెంటుతో పాటే పోతుంది. హోమింగ్ లేని మెషిన్‌లో మళ్లీ జీరో వెతుక్కోవడం అంటే ఆ ముక్క మీద ఆశ వదులుకోవడమే.

ఇప్పుడు మీకు అసలు షాక్ ఇచ్చే లెక్క. ఉబ్బెత్తు బొమ్మలు, అంటే వినాయకుడో లక్ష్మో, ఎంతసేపు పడతాయని అడిగారు. 300 × 450 మి.మీ. పలక తీసుకోండి. చివర 1 మి.మీ. గుండ్రంగా ఉన్న సన్నటి బిట్టు, గీతకీ గీతకీ మధ్య 0.1 మి.మీ. అంటే మూడు వేల గీతలు, ఒక్కోటి 450 మి.మీ. మొత్తం 1,350 మీటర్ల నడక. నిమిషానికి 2,000 మి.మీ. వేగంతో పోతే 675 నిమిషాలు, పదకొండు గంటల పైమాటే. మలుపుల్లో వేగం తగ్గుతుంది కాబట్టి అసలు సమయం ఇంకా ఎక్కువ. అదే 2 మి.మీ. గుండ్రటి బిట్టుతో 0.2 వదిలి పోతే సగం సమయంలో అవుతుంది, కళ్లూ ముక్కూ కాస్త మొద్దుగా వస్తాయి. వాటిని మీరు ఉలితో సవరించుకోగలరు. చేతి పని వచ్చినవాళ్లకి ఉన్న సౌలభ్యం అదే, నాకైతే అలా సవరించిన బొమ్మే బాగుంటుంది. మొన వీ ఆకారంలో ఉండే వీ బిట్టుతో అక్షరాలు, అంచు డిజైన్లు అయితే ఈ బాధ లేదు, నేమ్ ప్లేటు గంటలోపే వచ్చేస్తుంది.

వేగం విషయంలో కొత్తవాళ్లు భయపడి నెమ్మదిగా నడుపుతారు. అది మంచి చెయ్యదు. రెండు అంచుల బిట్టు 16,000 చుట్ల దగ్గర, అంచుకి 0.06 మి.మీ. పొట్టు తీయాలంటే నిమిషానికి 1,920 మి.మీ. నడవాలి. మీరు 500 దగ్గర నడిపితే అంచు కర్రని కోయదు, రుద్దుతుంది. కర్ర నల్లబడుతుంది, బిట్టు వేడెక్కి మొద్దుబారుతుంది. లోతు తగ్గించండి, నడక తగ్గించకండి. మెషిన్ దగ్గర పొడి కాకుండా పొట్టు రాలుతోందంటే దారిలో ఉన్నట్టే.

బిట్టులు మంచివి నాలుగు చాలు: పొట్టుని పైకి లాగే 6 మి.మీ. ఎండ్ మిల్లు, అంచు చీలకుండా కిందికి నొక్కేది ఒకటి, 60 డిగ్రీల వీ బిట్టు, సన్నటి టేపర్ బాల్ (మొన దాకా సన్నబడుతూ చివర గుండ్రంగా ఉండేది). కోలెట్ 6 మి.మీ.దో, పావు అంగుళానిదో సరిచూసుకోండి. పావు అంగుళం అంటే 6.35, దాంట్లో 6 మి.మీ. కాడ పెడితే పట్టు సరిగ్గా ఉండదు, తిరుగుతూ తిరుగుతూ జారి కిందికి దిగుతుంది. టేకులో సిలికా ఉంటుంది, బిట్టుల్ని తొందరగా తినేస్తుంది. కాబట్టి నమూనాలు వేపకర్ర మీదో మామిడి మీదో తీసి, సరే అనుకున్నాకే టేకు ఎక్కించండి.

జ్ఞాపికల గురించి ఒక మాట. మీకు దగ్గర్లోనే బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనసకర్రతో వీణలు చేస్తారు, బహుమతులకి చిన్న నమూనా వీణలూ చేస్తారు. పనస మెషిన్ మీద కూడా శుభ్రంగా తెగుతుంది, రంగు కూడా రానురాను ముదురుతుంది. కానీ మెషిన్ మీద తీసిన బొమ్మని బొబ్బిలి వీణ అని చెప్పి అమ్మకండి. దానికి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉంది, అది ఆ పనివాళ్ల అన్నం. ఇంకోటి, పచ్చి కర్ర చెక్కకండి. మన తీరం తేమకి ఒక వైపు మాత్రమే లోతుగా చెక్కిన పలక వారంలో దోనెలా వంగుతుంది. చెక్కబోయే కర్రని షెడ్డులోనే కొన్ని వారాలు గాలి ఆడేలా పేర్చి ఉంచండి.

అదే తేమ రైళ్లకీ శత్రువే. వానాకాలంలో ఒక వారం ముట్టుకోకపోతే స్క్రూల మీద ఎర్రటి మచ్చలు వస్తాయి. పని అయ్యాక పొడి తుడిచి, కుట్టు మిషన్ నూనె పలచగా రాసి, గుడ్డ కప్పండి. ప్లాస్టిక్ కవరు కప్పితే లోపల చెమ్మ పడుతుంది.

తెలుగు అక్షరాల దగ్గర మీకు పెద్ద తలనొప్పి రాబోతోంది, ముందే చెబుతున్నాను. విదేశీ కార్వింగ్ ప్రోగ్రాములు చాలావాటికి ఒత్తులు కలపడం రాదు. ‘శ్రీనివాస’ టైపు చేస్తే ‘శ్’ ఒకచోట, ‘రీ’ ఒకచోట విడిపోతాయి. అందుకని అక్షరాలు ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రాములో వేసుకోండి, అది ఉచితం, తెలుగు సరిగ్గా చూపిస్తుంది. మల్లన్న, రామరాజ లాంటి యూనికోడ్ ఫాంట్లలో నచ్చింది తీసుకుని, అక్షరాలని పాత్‌గా (గీతలుగా) మార్చి, ఒకదానిమీద ఒకటి పడిన ఒత్తుల్ని, గుడుల్ని యూనియన్ చేసి (ఒకే ఆకారంగా కలిపి), అప్పుడు ఎస్‌వీజీ ఫైలుగా పంపండి. యూనియన్ చెయ్యకపోతే ఒత్తు అక్షరంలో కలిసిన చోట బిట్టు లోపలి గీతని కూడా కోసేస్తుంది. మరీ సన్నటి ఫాంట్లు వద్దు, టేకు మీద సన్నగీత పాలిష్ పడగానే మూసుకుపోతుంది.

కార్వింగ్ షాపుల వాళ్లు ఆర్ట్‌క్యామ్ అనే ప్రోగ్రాము వెయ్యమంటారు. ఆటోడెస్క్ దాన్ని 2018లోనే ఆపేసింది. ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లలో తిరిగేదంతా దొంగ కాపీ, వైరస్‌లు ఉచితం. మొదట్లో ఫ్రీక్యాడ్‌తోనో, ఫ్యూజన్ వ్యక్తిగత వాడుక లైసెన్సుతోనో గడిపేయండి. పని నిలదొక్కుకుంటే వీకార్వ్ డెస్క్‌టాప్ కొనండి. చెక్క పనికి అంత సులువైనది ఇంకోటి నేను చూడలేదు. దాంట్లో పని సైజుకి 25 × 25 అంగుళాల హద్దు ఉంది, మీ తలుపులు అందులో పడతాయి.

దుమ్ము పక్కన పెట్టే విషయం కాదు. చెక్క దుమ్ము క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి వర్గంలోనే చేర్చింది, ఎండీఎఫ్ దుమ్ములో జిగురు కూడా ఉంటుంది. వాక్యూమ్ క్లీనర్‌కి ముందు దుమ్ముని సుడితిప్పి వేరుచేసే సైక్లోన్ డబ్బా ఒకటి, స్పిండిల్ చుట్టూ బ్రష్ తొడుగు, ముఖానికి ఎన్95. వీటికి పన్నెండు వేల దాకా పక్కన పెట్టండి. బిట్టులకి ఏడెనిమిది వేలు, లైనుకీ ఎర్తింగ్‌కీ ఐదారు వేలు, క్లాంపులు, ఎండీఎఫ్ పలకలు, రవాణా, మొదట్లో పాడయ్యే కర్ర. నలభై వేలు అలా కరుగుతాయి. పదకొండు గంటల పని పెట్టి నిద్రపోకండి కూడా. ఇరుక్కున్న బిట్టు తిరుగుతూ ఉంటే కర్ర అంటుకుంటుంది. ఎర్రటి ఎమర్జెన్సీ బటన్ గుమ్మం దగ్గర ఉండాలి, మెషిన్ వెనక కాదు.

సొంతంగా బిగించుకోవడం గురించి: ఇనుప బాక్స్ పైపులతో చేసే ప్రింట్‌ఎన్‌సీ అనే ఉచిత డిజైన్ ఉంది. గట్టిదనంలో చాలా కొనే మెషిన్లని తలదన్నుతుంది. ఇనుము, కటింగు విశాఖ ఆటోనగర్‌లో అయిపోతాయి, మూలల ముక్కలు మాత్రం త్రీడీ ప్రింట్ చేయించాలి. డబ్బు కొంత మిగులుతుంది, నెలలు పోతాయి. మీకు మెషిన్ తయారుచేయడం సరదానా, చెక్కడం సరదానా అని ముందు మిమ్మల్ని మీరే అడగండి. రెండోదైతే రెడీమేడే మేలు. పాత వీడియోల్లో అలీఎక్స్‌ప్రెస్ ధరలు చూసి ఆశపడకండి, 2020 నవంబరులో దాన్ని మన దేశంలో నిషేధించారు. ఇక్కడి అమ్మకందార్ల దగ్గరే, జీఎస్‌టీ బిల్లుతో కొనాలి. బిల్లు లేకపోతే ఆరు నెలల తర్వాత డ్రైవర్ పోయినప్పుడు ఫోను ఎత్తరు.

డబ్బు కట్టే ముందు రెండు పనులు చెయ్యండి. ఒకటి, మీ డిజైన్ ఒకటి విజయనగరంలో కార్వింగ్ షాపులో గంటల లెక్కన చెక్కించి, పక్కన నిలబడి చూడండి. ఆ గోల, దుమ్ము, ఆ ఎదురుచూపు మీకు పడతాయో లేదో అక్కడే తెలుస్తుంది. రెండు, మెషిన్ చూడడానికి వెళ్లేటప్పుడు సన్నటి కదలికని కొలిచే డయల్ గేజ్ ఒకటి పట్టుకెళ్లండి. దాన్ని బెడ్డు మీద అయస్కాంతంతోనో క్లాంపుతోనో నిలిపి, సూది కోలెట్‌కి ఆనించి, మోటార్లు ఆన్‌లో ఉండగా స్పిండిల్‌ని చేత్తో గట్టిగా నెట్టండి. 0.1 మి.మీ. లోపు కదిలితే టేకుకి పనికొస్తుంది. 0.3 దాటితే ఎంత తగ్గించినా వద్దనండి. నెట్టనివ్వకపోతే ఆ షాపులోంచి వచ్చేయండి. కొటేషన్ చేతికి వచ్చాక అందులో రైళ్లు, స్క్రూలు, డ్రైవర్ల మోడల్ నెంబర్లు రాయించి నాకు పంపండి, ఏది ఉంచాలో ఏది మార్పించుకోవాలో చూసి చెబుతాను.